కథల్లో లేని కొండ

ఈ విద్యాసంవత్సరం మొదట్లో మా తరగతిలో స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపిస్తున్నాను. తల్లిదండ్రుల ప్రస్తుత చిరునామా అని ఒక గడి ఉంది. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకొంటున్న ఒక అమ్మాయి ఆ గడిలో 'బంజారాహిల్స్' అని రాసింది. పక్కన కూచున్న పిల్ల అది చూసి పైకి చదివింది. తరగతి తరగతంతా నవ్వింది. "కారు ఏడ పెట్టినవే?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు.

ఆ అమ్మాయి లేచి, "నిజంగనే సార్. మా అమ్మోళ్ళు ఆడ్నే ఉంటరు. దేవరకొండ బస్తీల" అంది.

నేను నవ్వలేదు. కాని నవ్వనంత మాత్రాన నా తప్పు తగ్గదు. ఆ గడిలో ఆ పేరు చూసిన క్షణంలో, ఈ పిల్ల దరఖాస్తు తప్పు నింపిందనే నేనూ అనుకొన్నాను. హైదరాబాదు నాకు కొత్త కాదు. ఆ కొండ వాలు మీద బస్తీలున్నాయని తెలియనివాణ్ణి కాను. అయినా ఆ మాట చెవిన పడగానే నా మనసులో మెదిలింది నేను కళ్ళారా చూసిన బంజారాహిల్స్ కాదు. కథల్లోనూ నవలల్లోనూ చదివినది. పెద్ద గేటు, గేటు మీద కుక్క ఉన్నదన్న బోర్డు, పోర్టికోలో కారు, లోపల మలుపు తిరిగే మెట్లు. అంటే నా కళ్ళు చూసినదాన్ని నా చదువు కప్పేసింది. సాహిత్యం లోకాన్ని చూపిస్తుందని పాఠం చెప్పేవాడికి అది లోకాన్ని ఎలా దాచిపెట్టగలదో ఒక విద్యార్థిని చెప్పవలసి వచ్చింది. ఈ వ్యాసానికి కారణం అదే.

*

మన పూర్వులు మహాకావ్యానికి పద్దెనిమిది వర్ణనలు విధించారు. వాటిలో నగరం ఒకటి, శైలం మరొకటి. రెండూ వేరు వేరు పద్దులు. నగరమంటే ప్రాకారం, పరిఖ, చంద్రుణ్ణి తాకే మేడలు, నాలుగు వర్ణాలవారు. శైలమంటే సెలయేళ్ళు, ఓషధులు, కిన్నరులు. పెద్దన ప్రవరుడు ఊళ్ళో గృహస్థు. పాదలేపం పూసుకొంటేనే హిమాలయం చేరగలిగాడు. ఊరికీ కొండకూ మధ్య ఒక మాయ ఉంటే తప్ప దాటరాని దూరమన్న మాట. నగరమే కొండెక్కి కూర్చుంటే దాన్ని ఏ పద్దులో వర్ణించాలో లాక్షణికులు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వారికి రాలేదు.

పురవర్ణనల్లో మరొక విశేషముంది. అక్కడి మేడలను ఎవరూ కట్టరు. అవి ఉంటాయి, అంతే. రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందీ, సున్నం ఎవరు కలిపిందీ, కట్టినవాడు రాత్రి ఎక్కడ పడుకొన్నదీ కవికి అక్కరలేదు. దీనికి భిన్నమైన దారి కూడా మనకు లేకపోలేదు. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న 'క్రీడాభిరామం'లో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో నడుస్తారు. నడుస్తారు గనక వాళ్ళకు మనుషులు ఎదురవుతారు. పూటకూళ్ళింట్లో ఎంత డబ్బుకు ఏం వడ్డిస్తారో తెలుస్తుంది. కోడిపందేలు, గొరవల ఆట, పలనాటి వీరుల కథ పాడే స్త్రీ, అన్నీ కనబడతాయి. ఆ చూపులో కామం ఉంది, వెటకారం ఉంది, అగ్రవర్ణపు టెక్కు ఉంది. అయినా అది నేల మీద నడిచిన చూపు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు ఇలాంటి కావ్యాలను సాక్ష్యంగా నిలబెట్టారు. 1949లో వెలువడిన ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి రచయిత మరణించి రెండేళ్ళు. పాలమూరు మట్టిలో పుట్టిన ఆ పండితుడు కావ్యాన్ని అలంకారాల కోసం తెరవలేదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఎలాంటి ఇళ్ళలో ఉన్నారు అని అడగడానికి తెరిచాడు. ఇప్పుడొక ఊహ చేద్దాం. ఇంకో మూడువందల ఏళ్ళకు మరొక ప్రతాపరెడ్డి పుట్టి, మన కాలపు తెలుగు కథల్నీ నవలల్నీ ముందు పెట్టుకొని, హైదరాబాదులో బంజారాహిల్స్ అన్న పేట ఎలా ఉండేదో రాయబూనాడనుకోండి. ఆయనకు దొరికేదేమిటి? గేటూ, కుక్కా, కారూ. అది కొండ అన్న సంగతి కూడా పేరును బట్టి ఊహించుకోవలసిందే!

*

ఆ కొండ కథ క్లుప్తంగా చెప్పుకొందాం. తెలిసినవారు మన్నించాలి.

హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి. గుండు మీద గుండు పేర్చినట్టున్న ఆ రాళ్ళ మధ్య బంజారాలు, అంటే మన లంబాడీలు, ఉండేవారు గనక ఆ పేరు. ఎద్దుల మీద ధాన్యమూ ఉప్పూ వేసుకొని దేశమంతా తిరిగిన జాతి అది. 1930ల నాటికి అది నగరం వెలుపలి బోడి గుట్ట. అక్కడ ఇల్లు కట్టుకోవడం పిచ్చితనంగా తోచిన రోజుల్లో నిజాం ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి మెహదీ నవాజ్ జంగ్ కట్టుకొన్నాడు. రాళ్ళను పగలగొట్టకుండా వాటిని ఇంట్లోనే కలుపుకొన్నాడు. తరవాత హైదరాబాదు రాష్ట్రంలో మంత్రీ, 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరూ అయిన ఆయన రసజ్ఞుడే. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ ఆయన అతిథిగా ఆ గుట్ట మీద ఉన్నాడు. ఆ కొండపై 'కోహ్సార్' అనే చిన్న కవిత రాశాడు. అందులో ఆ కొండ అతిథిని ఆదరించే చోటుగా కనబడుతుంది. నిజమే, ఆయన అతిథి.

1960వ దశకంలో పక్క గుట్టల మీద జూబ్లీహిల్స్ గృహనిర్మాణ సహకార సంఘం వచ్చింది. 'సహకారం' అన్న మాటకు మన వాఙ్మయంలో ఉన్న అర్థాలన్నిటిలోకీ ఇది ప్రత్యేకమైనది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో తెరిచాడు. మదరాసు నుంచి సినిమా పరిశ్రమ ఆ గుట్టలెక్కింది. అదే 1976లో పార్లమెంటు చేసిన చట్టం తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డు తెగగా గుర్తించింది. ఒక చట్టం ఆ జాతిని గుర్తించిన ఏడే, ఆ జాతి పేరున్న గుట్ట మరెవరి వైభవానికో గుర్తుగా మారుతూ వచ్చింది. 1998లో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని కాసు బ్రహ్మానందరెడ్డి పేర జాతీయ ఉద్యానవనం చేశారు. ఒకనాటి శివారు ఇవాళ నగరానికి నడిబొడ్డు.

ఈ క్రమంలో పేరు ఏమైందో గమనించండి. 'బంజారా' ఒక జాతికి నామవాచకం. 'బంజారాహిల్స్' కొన్నాళ్ళు ఒక చోటికి నామవాచకం. ఇప్పుడది విశేషణం. బంజారాహిల్స్ పిల్ల, బంజారాహిల్స్ ఇంగ్లీషు, బంజారాహిల్స్ బుద్ధులు! నామవాచకం విశేషణమైనప్పుడు మనిషి మాయమై గుణం మిగులుతుంది. చివరికి నిజమైన బంజారా పిల్ల లేచి నిలబడి నా వాళ్ళు బంజారాహిల్స్‌లో ఉన్నారంటే తరగతి నవ్వింది. ఇంతకన్నా క్రూరమైన వ్యంగ్యం ఏ కథకుడూ రాయలేదు. రాయలేకపోయాడనే నా ఫిర్యాదు.

*

వారపత్రికల సీరియళ్ళకు ఈ కొండ ఒక కలల గుట్ట. అక్కడి నాయకుడికి ఉద్యోగమేమిటో తెలియదు, కారు రంగు తెలుస్తుంది. సినిమాలో ఆ కొండ ఒక సెట్టు. హాలు మధ్యలో వంపు తిరిగిన మెట్లే ఆ కొండకు మిగిలిన ఏకైక వాలు. వాటి గురించి మన పత్రికల్లో చాలాసార్లు విమర్శించాం. మళ్ళీ చెప్పి ప్రయోజనం లేదు.

మన సంగతి చెప్పుకొందాం. అభ్యుదయ రచయితలం మనం ఆ కొండను ఎలా చూశాం? మేడ పక్కన గుడిసె పెట్టాం. మేడలో కుక్కకు పాలు, గుడిసెలో పిల్లకు పస్తు. మేడలో ఉన్నవాడు తాగుబోతు, ఆడవాళ్ళ పాలిట రాక్షసుడు, నల్లడబ్బు ఆసామి. గుడిసెలో ఉన్నవాడు నిప్పులాంటివాడు. ఈ చిత్రం అబద్ధమని నేననను. కుక్కకు పాలూ పిల్లకు పస్తూ నిజం. అయితే ఇది సరిగ్గా సీరియల్ రచయిత వేసిన బొమ్మే. మనం రంగు మార్చాం, గీత మార్చలేదు. అతడు మెచ్చుకొన్న గేటునే మనం తిట్టాం. గేటు ముందు మాత్రం ఇద్దరమూ ఒకే చోట నిలబడ్డాం. గుట్టెక్కి ఎవరమూ నడవలేదు.

రచయిత సర్వేయరు కాడు, ప్రతీక లేనిదే కథ లేదు, బంజారాహిల్స్ ధనికవర్గానికి ప్రతీక, అది చాలదా అని కొందరు మిత్రులంటారు. చాలదు. ప్రతీక పాఠకుణ్ణి వాస్తవం దగ్గరికి తీసుకుపోతే అది శిల్పం. వాస్తవానికి బదులుగా నిలబడితే అది అరువు సరుకు. వర్గమంటే దుర్గుణాల మూట కాదు. మనుషుల మధ్య ఉన్న సంబంధం. ఆ సంబంధాన్ని చూపించాలంటే మేడ పక్కన గుడిసె పెడితే చాలదు. మేడకూ గుడిసెకూ మధ్య రోజూ ఏయే చేతులు, ఏ సరుకు, ఎంత కూలి, ఏ దారిన నడుస్తున్నాయో చూపాలి. పక్కపక్కన పెట్టడం ఛాయాగ్రాహకుడైనా చేస్తాడు. మధ్యనున్న దారిని చూపడం రచయిత పని.

*

ఈ పని ఒకరు ఎప్పుడో చేసి పెట్టారు. 1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితిగతులపై పుస్తకం అచ్చు వేశాడు. అందులో మాంచెస్టరు నగరాన్ని వీధి వీధీ నడిచి చూపించాడు. పెద్ద పెట్టుబడిదారులు చీథమ్ హిల్, బ్రాటన్, పెండల్టన్ మెట్టల మీద గాలి ఆడే చోట ఇళ్ళు కట్టుకొన్నారు. వాళ్ళు ఊళ్ళోకి వచ్చిపోయే రోడ్లకు ఇరుపక్కలా దుకాణాల వరస. ఆ వరస వెనకే కార్మికుల మురికివాడ. మెట్ట మీదివాడు ఏళ్ళ తరబడి రోజూ ఆ రోడ్డునే పోతున్నా ఆ వాడను చూడవలసిన అవసరం రాదు. ఎవడో కుట్ర పన్ని చేసినది కాదది. సొంత ఆస్తి తన నడకలో తాను కట్టుకొన్న తెర. ఎంగెల్స్ ఆ ధనవంతుల కుక్కల్ని లెక్కపెట్టలేదు. రోడ్లను చదివాడు.

మనమూ రోడ్లను చదువుదాం. బంజారాహిల్స్ రోడ్లకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. రోడ్ నంబర్ ఒకటి, రోడ్ నంబర్ పది, పన్నెండు. బస్తీలకు మాత్రం పేర్లున్నాయి. సింగాడికుంట, నందినగర్, దేవరకొండ బస్తీ. ఒక పేరులో ఒకనాటి కుంట ఉంది. మరొక పేరులో మా నల్గొండ జిల్లా ఊరుంది. స్థలాన్ని కొన్నవాడికి నంబరు చాలింది. ఊరు విడిచి వచ్చినవాడు ఊరి పేరును మూటగట్టుకొని వచ్చాడు. మన కథకులు ఈ రెండు రకాల చిరునామాలను ఒక్కసారి పక్కపక్కన చదివినా ఒక నవలకు సరిపడా వస్తువు దొరికేది.

ఎత్తున ఉన్నవాడు ధనికుడు, పల్లంలో ఉన్నవాడు పేద అన్న సూత్రం కూడా నిలవదు. విజయవాడ పోయి చూడండి. అక్కడ కలవారు చదునైన నేల మీద ఉన్నారు. కూలి చేసుకొనేవాళ్ళు కొండ వాలున మెట్లెక్కి పోతారు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు చచ్చిపోయారు. అదే తెలుగు నేల, అలాంటి కొండే. ఒకచోట కొండ వాలు హోదా, ఇంకొకచోట గండం. కాబట్టి కొండకు తనదంటూ వర్గం లేదు. కారు పోయే రోడ్డు, కొళాయిలో నీళ్ళు, చేతిలో పట్టా, ఈ మూడూ దానికి వర్గాన్ని ఇస్తాయి. మూడూ ఉంటే అది హిల్స్. లేకుంటే కొండ ప్రాంతం.

నీళ్ళ మాట వచ్చింది గనక నల్గొండవాడిగా ఒక సంగతి చెప్పాలి. నీరు తనంతట కొండెక్కదు. 2004లో హైదరాబాదుకు కృష్ణా తాగునీటి పథకం మొదటి దశ అందింది. సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన నీళ్ళు మా జిల్లా అక్కంపల్లిలో నిలిచి, మా జిల్లా కోదండాపురంలో శుద్ధి అయి, వంద కిలోమీటర్ల పైచిలుకు గొట్టాల్లో ప్రయాణం చేసి నగరం చేరతాయి. ఆ రోజుల్లో అదే జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల జనం బోరుబావుల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగుతున్నారు. పళ్ళు గారపట్టి, ఎముకలు వంకర తిరిగి, ముప్పై ఏళ్ళకే కట్టె పట్టుకొన్నవాళ్ళను మా తరం చూసింది. ఇంటింటికీ కృష్ణా నీళ్ళన్న మాట 2016లో మొదలైన మిషన్ భగీరథ దాకా ఆగవలసి వచ్చింది. నగరపు కొళాయి తిప్పిన చేతికీ మర్రిగూడలో వంకరపోయిన చేతికీ మధ్య ఉన్నదే నేను చెప్పిన దారి. ఇది గుడిసె పక్కన మేడ కాదు. వంద కిలోమీటర్ల దూరాన ఉన్న రెండు జీవితాల్ని కలిపే ఇనుప గొట్టం. ఇంతకన్నా గొప్ప కథాసూత్రం ఏ శిల్పి కల్పించగలడు?

*

ఇక రాళ్ళు. ఆ గుట్టల అందం నాశనమైపోయిందని బాధపడేవారున్నారు. మిగిలిన రాళ్ళనైనా కాపాడాలని కొందరు సంఘం పెట్టి పని చేశారు. మంచిదే. ప్రకృతిని ప్రేమించడం ధనికుల వ్యసనమని కొట్టిపారెయ్యడం అభ్యుదయం కాదు. కాని ఆ రాయి తనంతట పగలలేదు గదా. సమ్మెట పట్టిన వడ్డెరవాళ్ళున్నారు. తట్టలు మోసిన పాలమూరు కూలీలున్నారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, ముసలివాళ్ళను ఊళ్ళో వదిలి, పసిపిల్లల్ని చంకనేసుకొని బయలుదేరిన పాలమూరు జనం దేశంలో ఎన్నో ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోశారు. నగరం వాళ్ళకు మరొక పనిచోటు. ఇల్లు పూర్తి కాగానే అక్కడ ఉండే హక్కు పోయే మనుషులు వాళ్ళు. కట్టినంత కాలమే ఆ ఇంట్లో నివాసం. గృహప్రవేశం నాడు వాళ్ళది నిష్క్రమణ.

తాజ్‌మహల్‌కు రాళ్ళు మోసిన కూలీలెవరన్న ప్రశ్న శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో వేశాడు. ఇంచుమించు అదే ప్రశ్న జర్మన్ భాషలో బ్రెహ్ట్ 1935లో వేశాడు. ఆ ప్రశ్నను మనం ఎన్ని సభల్లో ఎన్నిసార్లు అప్పగించామో లెక్కలేదు. తాజ్‌మహల్ కూలీల పేర్లు చరిత్రలో పోయాయి. బంజారాహిల్స్ కూలీల పేర్లు పోలేదు. వాళ్ళ మనుమలు మన తరగతుల్లో హాజరు పలుకుతున్నారు. జవాబు ఎదురుగా కూర్చుని ఉంటే ప్రశ్ననే వల్లెవేస్తున్నాం!

మనకు దారి చూపినవారు లేక కాదు. నల్గొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లో, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో దొరతనాన్ని చూపారు. ఆ నవలలు చదివినవాడికి గడి ఒక ప్రతీకగా మిగలదు. వెట్టి చేసే మనుషుల చేతుల మీద నడిచే యంత్రంగా కనబడుతుంది. దొర ఎంత చెడ్డవాడన్నది ఆ తరవాతి మాట. ముందు గడి ఎలా నడుస్తుందన్నది తెలుస్తుంది. పాలమూరు గడ్డ మీద పుట్టిన గోరటి వెంకన్న 'గల్లీ చిన్నది' అన్న పాటలో బస్తీ లోపలికి నడిచాడు. గల్లీని దయతో చూడలేదు. అందులోని మనుషుల్ని, వాళ్ళ పనుల్ని, వాళ్ళ మాటల్ని దగ్గర నుంచి విన్నాడు. అందుకే అది గల్లీవాళ్ళ పాటైంది. క్రీడాభిరామపు నడకను తలకిందులు చేసిన నడక అది. వీధిని చూడబోయిన విలాసి కాక, వీధి తానే నోరు విప్పింది.

పాట చేసిన పని కథ ఎందుకు చెయ్యలేకపోయింది? నాకు తోచిన కారణం ఒకటే. పాటగాడు ఆ గల్లీ మనుషుల్లోంచి వచ్చాడు. మన కథకులం ఎక్కువమందిమి ఉద్యోగాలు చేసుకొనే మధ్యతరగతి వాళ్ళం. మనకు కొండ మీది బంగళా మీద కోపమూ ఉంది, ఆశా ఉంది. ఆ రెండూ మన చూపును గేటు దగ్గరే కట్టిపడేశాయి. ఈ మాట ఇతరుల్ని అనడం లేదు. దరఖాస్తు చూసి పొరబడ్డది నేను.

*

దీపం ఆరిపోయిందనడం అశుభమని తెలుగువాళ్ళు 'దీపం కొండెక్కింది' అంటారు. ధరలు అందకుండా పోయినా కొండెక్కాయంటారు. మన భాషలో కొండెక్కడమంటే ఉన్నది కనుమరుగు కావడం, అందవలసింది అందకపోవడం. హైదరాబాదు కొండెక్కినప్పుడు మన సాహిత్యంలో జరిగిందీ అదే. బంజారాలు కనుమరుగయ్యారు, నేల అందకుండా పోయింది.

మా నల్గొండ కూడా గుట్టల మధ్య ఊరే. లతీఫ్ షావలి దర్గా ఉన్న గుట్ట నీడలో ఈ మాటలు రాస్తున్నాను. ఆ అమ్మాయి దరఖాస్తులో చిరునామా నేను దిద్దలేదు. కాని తరగతి నవ్వినప్పుడు ఆ నవ్వును ఆపే మాట నాకు సమయానికి తోచలేదు. కథో నవలో ఒకటి పేరు చెప్పి, ఇది చదవండి, ఆ కొండ మీద ఎవరున్నారో తెలుస్తుంది అని ఉంటే చాలు. పన్నెండేళ్ళుగా సాహిత్యం బోధిస్తున్న నాకు ఒక్క పుస్తకం పేరు గుర్తుకు రాలేదు.

మరునాడు ఆ అమ్మాయినే అడిగాను, మీ అమ్మ ఆ కొండ మీద ఏం పని చేస్తుందమ్మా అని. "ముందుగాల రాళ్ళు మోసింది సార్. ఇప్పుడు ఆ ఇండ్లళ్లనే పని చేస్తది" అంది. రెండు వాక్యాలు. తొంభై ఏళ్ళ పేట చరిత్రలో సగం అందులోనే ఉంది. అది రాసుకొని రమ్మని చెప్పాను. రాస్తానంది. మనం రాయని కథ ఆమె రాస్తే, విమర్శకుడిగా నేను చెయ్యవలసిన పని ఒక్కటే ఉంటుంది. నోరు మూసుకొని చదవడం.